నేనెవరో లిఫ్టు చెప్పక్కర్లేదు

వర్క్‌షాపు వెనక గది నుంచి,
వానలు మొదలైన వారం

పిన్నీ,

ముందే చెప్తున్నా, ఈ ఉత్తరం చదివేటప్పుడు వేళ్లు జాగ్రత్త. మహా కోపంగా ఉన్నాను. రెండు మూడు చోట్ల చుక్క గుచ్చబోతే కాగితమే చిరిగింది. చిన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని బ్రెయిలు నేర్పినదానివి నువ్వే కాబట్టి నువ్వే అనుభవించు.

రోజంతా ఆసుపత్రి ఫోన్లు ఎత్తి ఎత్తి, ఇంటికొచ్చాక ఫోనంటేనే చిరాకంటావు. అందుకే రాస్తున్నాను. పైగా ఈ చుక్కలు ఇక్కడ ఎవరికీ అర్థం కావు. మా సూపర్‌వైజరుని ఆయన ఎదుటే కూర్చుని తిట్టుకోవచ్చు.

సంగతేంటంటే, మీ ఆసుపత్రి కొత్త బ్లాకుకి మూడు లిఫ్టులు మా కంపెనీయే వేస్తోంది. వాటి ప్యానెళ్లు సిద్ధం చేసే పని మా వర్క్‌షాపుది. "మా పిన్ని అక్కడే టెలిఫోన్ ఆపరేటరు" అని అందరి దగ్గరా గొప్పలు పోయాను. నిన్న పెట్టెలు విప్పితే ఒళ్లు మండిపోయింది. అద్దం, పిన్నీ! ఒట్టి నున్నటి అద్దం. ఒక్క బటను లేదు. అద్దం వెనకాల అంకెలు వెలుగుతాయి, చూసి వేలు తాకించాలి. కనబడనివాళ్లు ఏం చూసి తాకిస్తారండీ అని అడిగాను.

"ఉందిగా, కళ్లు పెట్టి చూడు" అన్నాడు సూపర్‌వైజరు.

కింద మూలకి ఒకటుంది. గుండ్రంగా, పెద్దగా, నొక్కితే లోపలికి దిగే నిజం బటను. అది నొక్కితే లిఫ్టు "ప్రత్యేక అవసరాలు గల వ్యక్తి ప్రయాణిస్తున్నారు, దయచేసి సహకరించండి" అని అరుస్తుంది. తలుపులు చాలాసేపు తెరిచే ఉంటాయి. ఆ తర్వాత ఒక్కో అంతస్తు దగ్గరా ఆగి, పేరు చదివి, పాసింజరు రైలులా పోతుంది. నీ అంతస్తు వినబడినప్పుడు దిగాలి.

ఇదెవరి బుర్రలో పుట్టిందో తెలుసా? డిజైను చేసినావిడా, ఆవిడ జట్టూ ఒక పూటంతా కళ్లకి గంతలు కట్టుకుని లిఫ్టుల్లో తిరిగారట. ఆవిడకి ఏడుపొచ్చేసిందట. అలా పుట్టిందట ఈ బటను. ఇది చెప్తూ మా సూపర్‌వైజరు గుండె మీద చెయ్యేసుకున్నాడు. నాకు ఆ చేతిలో స్క్రూడ్రైవరు పెట్టాలనిపించింది.

ప్లానులో మీ టెలిఫోన్ గది ఏడో అంతస్తులో ఉంది. నీకు చెప్పారా? ఆ లిఫ్టు గురించి నిన్నెవరైనా అడిగారా?

నీ
టపాకాయ


టెలిఫోన్ గది నుంచి,
టీ వేళలో

టపాకాయకి,

నీ ఉత్తరం అందింది. రెండో కాగితం చదువుతుంటే తురుముపీట మీద వేళ్లు పెట్టినట్టుంది. కాస్త నెమ్మదిగా గుచ్చవే, పాపం కాగితమేం చేసింది?

చెప్పారు. గది మారుతోందని అందరితో పాటే నాకూ చెప్పారు. నేను బాగానే ఉన్నాను. మీ అమ్మకి మాత్రం ఇవేం చెప్పకు, హైరానా పడి బండెక్కి వచ్చేస్తుంది.

ఇప్పుడు మేముండేది మూడో అంతస్తు. ఇక్కడి లిఫ్టులో మూడో బటను వదులు. నొక్కితే ఊడబోయే పన్నులా ఊగుతుంది. ఒక్కో అంతస్తు దాటగానే టంగుమంటుంది. మా గదిలో మేం నలుగురం. గదిలో మాట్లాడుకోవడానికి తీరికేదీ, లైన్లు మోగుతూనే ఉంటాయి. అందుకని మా కబుర్లన్నీ లిఫ్టులోనే. కబుర్ల మధ్యలో చెయ్యి దానంతటదే మూడో బటను మీదికి పోతుంది. ఇన్నేళ్లలో ఆ లిఫ్టులో నాకు చూపులేని సంగతి ఒక్కనాడూ గుర్తు రాలేదు.

మొన్న మా ఆఫీసరుగారు వచ్చి, "కొత్త బ్లాకులో మిమ్మల్ని కూడా కలుపుకునేలా అన్నీ చూస్తున్నాం మేడమ్" అన్నారు. సంతోషమండీ అన్నాను. ఆయన వెళ్లాక అనిపించింది, కలుపుకోవడమేంటి, నేను బయటెప్పుడున్నాను అని. ఇంతలో అత్యవసర లైను మోగింది, మర్చిపోయాను.

వచ్చే వారం మమ్మల్ని కొత్త లిఫ్టులు ఎక్కించి చూస్తారట. కుదరకపోతే నాకోసం ఇంకో ఏర్పాటు కూడా ఆలోచించారట. అదేమంత పెద్ద విషయం కాదులే, తర్వాత రాస్తాను.

నువ్వు మాత్రం అక్కడ గొడవ పెట్టుకోకు. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. చదువు మధ్యలో ఆపేసి, ఎవరూ నేర్పకుండా వైర్లతో కుస్తీ పట్టి సంపాదించుకున్న పని అది. నా లిఫ్టు కోసం నీ మెట్లు కూలగొట్టుకోకు.

ఒక్కటి మాత్రం చెప్పు. ఆ అద్దం మీద అంకె కోసం తడుముకుంటున్నామనుకో, వేలు తగిలిన చోటల్లా నొక్కినట్టేనా?

పిన్ని


వర్క్‌షాపు వెనక గది నుంచి,
కరెంటు పోయిన మధ్యాహ్నం

పిన్నీ,

అవును, వేలు తగిలిన చోటల్లా నొక్కినట్టే. ఒకసారి తడిమితే అన్ని అంతస్తులూ వెలుగుతాయి.

ఆ "ఇంకో ఏర్పాటు" ఏంటి? పెద్ద విషయం కాదని నువ్వు రాశావంటే అది పెద్దదే. నీ సంగతి నాకు తెలీదా?

నేనూ ఒకటి దాచాను, చెప్పేస్తున్నా. లిఫ్టులు సర్దడానికి వచ్చిన జట్టులో నేనున్నాను. రెండు రోజులు మీ ఊళ్లోనే ఉండి, నిన్ను కలవకుండా వచ్చేశాను. తిట్టు, కానీ ముందు విను.

మిమ్మల్ని లిఫ్టు ఎక్కించిన రోజు నేను మూడో లిఫ్టు గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని తలుపు పట్టాలు సరిచేస్తున్నాను. మీ నలుగురూ నవ్వుకుంటూ వచ్చారు. ఎవరిదో పెళ్లిచూపుల సంగతి చెప్తున్నావు నువ్వు. ఎవరో నీ చెయ్యి పట్టుకుని ఆ గుండ్రటి బటను మీద పెట్టారు. లిఫ్టు అరిచింది. అప్పటికే లోపలికెక్కిన మిగతా స్టాఫంతా నువ్వేదో మరిగే నీళ్లు మోసుకొస్తున్నట్టు గోడలకి అతుక్కుపోయారు. ఒక పెద్దాయన "పాపం" అన్నాడు. అంత దూరాన నాకే వినబడింది, నీకు వినబడకుండా ఉంటుందా? మీవాళ్లు ముగ్గురూ "నువ్వు దీంట్లో రా, మేం పైన కలుస్తాం" అని పక్క లిఫ్టెక్కేశారు. నీ కథ మధ్యలో ఆగిపోయింది. ఒక్కో అంతస్తు దగ్గరా ఆగుతూ నువ్వు ఒక్కదానివే వెళ్లావు.

నేను పిలవలేదు. పిలిస్తే ఏడ్చేసేదాన్ని. చేతిలో స్పానరుంది, ఎవరి మీద పడేదో చెప్పలేను.

కానీ ఊరుకున్నాననుకోకు. అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు సర్వీసు తాళం తీసుకుని పైన మోటార్ల గదికెళ్లాను. రెండో లిఫ్టుని ఎప్పటికీ ఆ గుండ్రటి బటను నొక్కినట్టే నడిచేలా పెట్టేశాను. ఆ దిక్కుమాలిన "ప్రత్యేక వ్యక్తి" మాట తీసేశాను. నువ్వు ఏ బటనూ వెతకనక్కర్లేదు. ఎక్కితే చాలు, ప్రతి అంతస్తులో దానంతటదే ఆగుతుంది, పేరు చెప్తుంది, తీరిగ్గా దిగేదాకా తలుపు తెరిచే ఉంచుతుంది. ఎవరికీ చెప్పలేదు. వాళ్లు గంతలు కట్టుకుని ఏడ్చి కూడా చేయలేనిది నేను ఒక్క భోజనం వేళలో చేశాను.

ఇప్పుడు మెచ్చుకో.

నీ
టపాకాయ


ఇంటి నుంచి

అమ్మాయీ,

ఈసారి నా చుక్కలు నీ వేళ్లకి గుచ్చుకుంటే ఏమీ అనుకోకు.

కొత్త బ్లాకులోకి మారాం. రెండో లిఫ్టు అందరి కోసమూ అన్ని అంతస్తుల్లోనూ ఆగుతోంది. ఆరో అంతస్తులో ఆపరేషన్ గది. రోగిని స్ట్రెచరు మీద తీసుకెళ్తుంటే ప్రతిచోటా తలుపు తెరుచుకుని, తీరిగ్గా పేరు చెప్పి, ఎవరైనా ఎక్కుతారేమోనని చూస్తుంది. స్ట్రెచరు అబ్బాయి "ఇదేం లిఫ్టురా బాబూ, మనిషికి ఊరంతా చూపించి మరీ తీసుకెళ్తోంది" అన్నాడు. రోగి తమ్ముడు నవ్వలేదు. పెద్ద గొడవైంది. అదెందుకలా నడుస్తోందో నాకు ఒక్కదానికే తెలుసు.

చెడిపోయిందని ఎవరూ అనుకోలేదు. చూపులేనివాళ్ల కోసం అలా చేసుంటారులే అనుకున్నారు. మర్నాటికి దాని తలుపు మీద కాగితం అంటించారు, "ప్రత్యేక వ్యక్తులకు మాత్రమే" అని. ఇప్పుడు నేను మావాళ్లతో కలిసి ఒకటో లిఫ్టు దగ్గర నిలబడితే ఎవరో ఒక మంచి మనిషి నా భుజం పట్టుకుని తిప్పుతారు. "మీది అటమ్మా." ఎంత మెత్తగా అంటారో.

ఇక ఆ ఇంకో ఏర్పాటు. గేటు పక్కన కింద ఒక గది ఉంది. ఒక కుర్చీ, ఒక ఫోను. దారి అడిగేవాళ్ల కోసమట. లిఫ్టుతో పనే లేదు. "అక్కడ ఎన్ని ఫోన్లొస్తాయండీ?" అని అడిగాను. "పెద్దగా ఉండవు మేడమ్, హాయిగా కూర్చోవచ్చు" అన్నారు ఆఫీసరుగారు. రక్తం కావాలని, డాక్టరు కావాలని అరిచేవాళ్లకి ఇన్నేళ్లు లైను కలిపిన మనిషికి ఇచ్చే హాయి అది. ఆ కుర్చీలో ఒక ఏడాది కూర్చుంటే, మోగని ఫోనుకి మనిషెందుకు అంటారు. "విడిగా ఒక లిఫ్టే ఇచ్చినా ఇబ్బంది తీరలేదు కాబట్టి కింది గదే మంచిది" అని ఇప్పుడు వాళ్ల మాట. నెలాఖరు సమావేశంలో తేలుస్తారు.

డిజైను చేసినావిడ కళ్లకి గంతలు కట్టుకుంది. అప్పుడు ఆవిడకి తెలిసింది ఆవిడ భయం. దారి తప్పిన మనిషి కోసం లిఫ్టు చేసింది. నేను దారి తప్పలేదు. నువ్వేమో ఆపాటి కూడా చేయలేదు. దూరంగా కూర్చుని నా ముఖం చూసి, నాకేం కావాలో తేల్చేశావు. నన్నడగలేదని వాళ్లని తిట్టావే, మరి నువ్వెప్పుడు అడిగావు?

పిన్ని


వర్క్‌షాపు వెనక గది నుంచి

పిన్నీ,

నాలుగు కాగితాలు పాడుచేశాను. మొదటిదాంట్లో "నీకోసమే కదా చేశాను" అని రాసి, దాని మీద వేలు పెట్టి చదువుకున్నాను. మీ ఆఫీసరు గొంతులా వినబడింది.

కింది గది సంగతి ముందే ఎందుకు చెప్పలేదని నిన్ను తిట్టాలని ఉంది. ఎందుకు చెప్పలేదో తెలుసు. చెప్తే నేను ఇంతకంటే పెద్ద పని చేసేదాన్ని.

నీకేం కావాలి పిన్నీ?


టెలిఫోన్ గది నుంచి, ఏడో అంతస్తు

టపాకాయకి,

ఈ లిఫ్టు గురించి నన్ను ఆ మాట అడిగినదానివి నువ్వే మొదట. కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

నొక్కితే లోపలికి దిగే బటన్లు కావాలి. అంకెలు వేలికి తగలాలి. నాకొక్కదానికే ఒక లిఫ్టులో కాదు, మూడింట్లోనూ. ఇది ఏ అంతస్తో లిఫ్టు చెప్పనీ, నాకు మంచిదే, ఊరికి కొత్తగా వచ్చిన వాళ్లకీ మంచిదే. నేనెవరో మాత్రం లిఫ్టు చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి విను, నవ్వుకుంటావు. మిగతా రెండు లిఫ్టులూ రోజంతా "ప్రత్యేక అవసరాలు గల వ్యక్తి" అని అరుస్తూనే ఉన్నాయి. నేను లేనప్పుడు కూడా! ఏంటా అని ఆరా తీస్తే, స్ట్రెచరు అబ్బాయిలకి చేతులకి తొడుగులుంటాయి, అద్దానికి ఆ వేలు తెలియదట. ఊడ్చే ఆవిడ చేతులు తడి. ముసలివాళ్ల వేళ్లు ఎండిపోయి అద్దానికి ఆనవు. అందరూ మోచేత్తో ఆ గుండ్రటి బటనే పొడుస్తున్నారు. స్ట్రెచరు అబ్బాయిలైతే ఒకళ్లనొకళ్లు "ఏం ప్రత్యేక వ్యక్తిగారూ, టీ తాగారా?" అని పిలుచుకుంటున్నారు.

అప్పుడనుకున్నాను, నేను ఒక్కదాన్నే వెళ్లి నాకు ఇబ్బంది అంటే కింది గదికి పంపుతారు, అందరం కలిసి వెళితే ఎంతమందిని పంపుతారు అని. రికార్డు గది గుమాస్తా చక్రాల కుర్చీలో తిరుగుతాడు, అతన్నీ రమ్మన్నాను. ఇలా బటన్లు, అలా అంతస్తు పేరు, తలుపు మాత్రం పాత లిఫ్టులోలా చప్పున మూసుకోవాలి అని నా గొప్పకొద్దీ చెప్పుకుపోతున్నాను. మధ్యలో ఆపాడు. "అక్కా, మీకు తొందరని తలుపు చప్పున మూయించేస్తారా? నా బండి ముందు చక్రాలు లోపలుంటాయి, నేను బయటుంటాను!"

నేనూ అతన్ని అడగలేదు కదా.

ఇప్పుడు రాయబోయేది రాయడానికి చెయ్యి రావడం లేదు. రెండో లిఫ్టు ఎందుకలా ఉందని సమావేశంలో అడుగుతారు. నువ్వు చెప్పకపోతే నింద ఆ డిజైనావిడ మీద పడుతుంది. ఆవిడ చేసిన తప్పుకి ఆవిడని అందాం, చేయనిదానికి కాదు. నువ్వు దాన్ని మామూలుగా పెట్టించి, మీ సూపర్‌వైజరుకి నీ నోటితో చెప్పాలి. నీ పని పోతుందేమోనని భయంగా ఉంది. చెప్పవద్దు అని రాయాలని కూడా ఉంది. రాయడం లేదు.

పిన్ని


గోడౌను నుంచి

పిన్నీ,

చెప్పేశాను. పైన చూస్తే తెలిసిపోతుంది, నేనిప్పుడు గోడౌన్లో ఉన్నాను.

"నీకు సర్వీసు తాళం ఇచ్చింది మరమ్మతులకా, మీ పిన్నిని ఊరేగించడానికా?" అని అరిచాడు సూపర్‌వైజరు. "స్ట్రెచరు మీద మనిషికి ఏదైనా అయ్యుంటే?" అన్నాడు. తప్పు నాదేనన్నాను. తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు పిన్నీ, చాలా అసహ్యంగా ఉంటుంది. తాళం తీసేసుకున్నాడు. ఆ రోజే మనిషిని పంపి రెండో లిఫ్టు మామూలుగా పెట్టించాడు. నా పర్మనెంటు సంగతి తర్వాత చూస్తానన్నాడు. ఉంచుతాడో, పొమ్మంటాడో తెలీదు. ఆఫీసు గది తలుపు చప్పుడైతే చాలు, నన్నే పిలుస్తున్నారేమోనని లేచి నిలబడుతున్నాను.

నిన్న డిజైనావిడ ఫోను చేసింది. తిడుతుందనుకుని నేనూ సిద్ధమయ్యాను. తిట్టలేదు. "మీ పిన్నిగారికి ఏం కావాలో మీరు చెప్పండి, రాసుకుంటాను" అంది. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. వేలు పెట్టి గడగడా చదివేయొచ్చు. నాలుక దురద పెట్టింది. ఆపుకున్నాను.

"నన్నడక్కండి, ఆవిడనే అడగండి" అన్నాను.

"ఆవిడ నంబరివ్వండి."

"ఆసుపత్రి నంబరేనండీ. ఎత్తేది ఆవిడే."

డిజైనావిడ అంది, "ఏడాదిగా ఈ లిఫ్టుల గురించి మాట్లాడాలని ఆ నంబరుకే చేస్తున్నాను. 'లైనులో ఉండండి, ఆఫీసరుగారికి కలుపుతున్నాను' అనే ఆవిడా?"

ఆవిడే అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఒట్టు.

సమావేశం ఏమైందో వెంటనే రాయి. ఇక్కడ స్క్రూలు సైజుల వారీగా వేరు చేస్తున్నాను, మనసు ఒక్కచోట ఉండట్లేదు, అన్నీ కలిసిపోతున్నాయి.

టపాకాయ


టెలిఫోన్ గది నుంచి, ఏడో అంతస్తు

టపాకాయకి,

ముందు డిజైనావిడ సంగతి. ఫోనెత్తగానే గొంతు గుర్తుపట్టి, అలవాటు కొద్దీ "లైనులో ఉండండి" అన్నాను. "వద్దండీ, ఎవరికీ కలపొద్దు, మీతోనే పని" అంది. ఇన్నేళ్లలో ఆ ఫోనుకి ఎవరూ నాతో పనుండి చేయలేదు.

సమావేశంలో మంచి రభస. బటన్లు కింద ఉండాలని రికార్డు గది గుమాస్తా, వంగితే నడుం పోతుందని ఊడ్చే ఆవిడ, పక్క గోడకి అడ్డంగా పెట్టమని స్ట్రెచరు అబ్బాయి. నేనూ గుమాస్తా అయితే తలుపు గురించి మళ్లీ తగువులాడుకున్నాం. డిజైనావిడ మధ్యమధ్యలో "ఇలాగైతే? అలాగైతే?" అని అడుగుతూనే ఉంది. ఆఫీసరుగారికి చిరాకొచ్చింది. "మీలో మీకే కుదరకపోతే మమ్మల్నేం చేయమంటారు?"

"కాసేపు కూర్చోండి సార్, మేం తేల్చుకుంటాం" అన్నాను. "మమ్మల్ని కలుపుకుంటున్నామంటున్నారు. మేం ఈ ఆసుపత్రిలో ఎప్పటినుంచో ఉన్నాం. మారింది లిఫ్టు."

గెలిచామనుకోకు. ఒకటో లిఫ్టుకి మాత్రం బటన్లు పెట్టారు, అదీ చూద్దామని. పక్క గోడకి, అడ్డంగా. తలుపు కాసేపు ఆపుకోవడానికి విడిగా ఒక బటను, ఎవరికి కావాలంటే వాళ్లు నొక్కుకోవచ్చు. మిగతా రెండింటికీ అద్దమే. కింది గది రద్దు కాలేదు, వాయిదా పడింది. గేటు దగ్గర ఆ గదికి తాళం వేసే ఉంటుంది. దాటినప్పుడల్లా ఆ తాళం తడిమి చూసి మరీ వెళ్తున్నాను.

నీ తాళం సంగతి ఏమైందో రాయి. టపా అబ్బాయి వచ్చే వేళకి నా చెవులు గుమ్మం దగ్గరే ఉంటున్నాయి.

ఇవాళ పొద్దున ఒకటో లిఫ్టు ఎక్కాను, మావాళ్లు ముగ్గురితో. ఏడో అంకె వేలికి తగిలింది, నొక్కాను. పెళ్లిచూపుల కథ మిగిలిపోయింది కదా, అది ఎత్తుకున్నాను. రెండో అంతస్తులో జనం తోసుకుంటూ ఎక్కారు. ఎవరిదో సంచి నా కాలి మీద పడింది, ఎవరిదో మోచెయ్యి పక్కటెముకలో దిగింది. నేను కథలో పడి కదల్లేదు. వెనక నుంచి ఎవరో ఒకావిడ గయ్యిమంది.

"కాస్త జరగండమ్మా! తలుపు దగ్గర స్తంభంలా నిలబడితే మేం ఎక్కడ నిలబడాలి?"

ఎవరూ పాపం అనలేదు. మావాళ్లలో ఎవరో ఏదో చెప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

జరిగాను.

పిన్ని